పుష్పలత టీచరు కంచం

ముక్తేశ్వరం స్కూల్లో పిల్లలకు కూచిపూడి నేర్పేది పుష్పలత. రెండో కాన్పు తరవాత వచ్చిన ఒళ్లు ఇక తగ్గలేదు. మోకాళ్లు నొప్పెట్టేవి. అయినా గజ్జె కట్టిందంటే తాళం తప్పేది కాదు.

2003లో స్కూలు వార్షికోత్సవానికి ముందు కమిటీ పెద్ద నారాయణమూర్తి ఆమెను పిలిపించాడు.

"ఈసారి మీరు తెర వెనకే ఉండండమ్మా. చూసేవాళ్లు నవ్వుతున్నారండీ."

ఆమె ఇంటికొచ్చి, తలుపేసుకుని ఏడ్చింది.

ఆడపడుచు ఉమాదేవి మాట విని అన్నం మానేసింది. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం ఉడికించిన కూరలు, రాత్రికో పండు. బరువు తగ్గింది గానీ, ఒకనాడు పాఠం చెబుతూ చెబుతూ కళ్లు తిరిగి పడిపోయింది.

ఆ తరవాత దుబాయి నుంచి సెలవుకొచ్చిన మరిది దుర్గారావు ఇంకో దారి చూపించాడు. "అన్నం, పండు ముట్టుకోకండి వదినా. గుడ్లు, చేపలు, మాంసం ఎంతైనా తినండి. అక్కడంతా ఇదే చేస్తన్నారు."

ఈసారి ఇంకా త్వరగా తగ్గింది. కానీ కొన్నాళ్లకు గుడ్డు వాసనకే కడుపులో తిప్పేది. ఒక పెళ్లి భోజనంలో పప్పన్నం కలుపుకుంది. అంతే, ఇక చెయ్యి ఆగలేదు. పోయిన బరువంతా తిరిగొచ్చింది.

అమలాపురంలో డాక్టరమ్మను అడిగింది: "రెంటిలో ఏది మంచిదండీ?"

"రెండూ తగ్గిస్తాయి. ఏడాది తిరిగేసరికి పెద్ద తేడా ఉండదు. కలకాలం తినగలిగేదేదో అదే మీకు మంచిది."

ఆ రోజు నుంచి తన కంచం తానే వడ్డించుకుంది. మునుపటిలో సగం అన్నం, దండిగా ఆకుకూర, ఓ చేప ముక్క. తన కూరలో కొబ్బరి తగ్గించింది. అత్తగారు మూతి ముడిచింది.

"మీ కూరలో వేసేనండీ. నాది నాకు వదిలెయ్యండి," అంది పుష్పలత.

"ఇంతాచేసి తగ్గింది ఇంతేనా?" అని ఉమాదేవి ఎత్తిపొడిచింది.

"ఆయ్, ఇంతే. పడిపోకుండా తగ్గేను."

మోకాళ్లు తేలికపడ్డాయి. మనిషి మాత్రం ఇంకా భారీగానే ఉంది. మరుసటేడు నారాయణమూర్తి మళ్లీ నసిగాడు.

"నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. నేను ఆడకపోతే నా పిల్లలూ ఆడరండీ," అని ఆయన ఎదుటే గజ్జెలు కట్టుకుంది.

ఆయనకు ఒప్పుకోక తప్పలేదు. ఆమె వేదికెక్కగానే ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పుష్పలత అటువైపే తిరిగింది. పాడేవాళ్లకు సైగ చేసి, అదే చరణాన్ని మళ్లీ పాడించుకుని, వాళ్ల కళ్లలోకి చూస్తూ ఆడింది.