అప్పు నాదేనని రాసిచ్చాను

మందమర్రి బొగ్గుగనిలో హాజరు గుమస్తాగా చేరిన నాలుగో ఏట, పేలుడు మందు దాచే గోదాముకు బాధ్యుడిగా నన్ను ఎంపిక చేశారు. పోలీసులు విచారించి, నమ్మదగిన మనిషని రాసిస్తేనే ఆ ఉద్యోగం ఖాయమవుతుంది. నాకు బెంగేమీ కలగలేదు. నా మీద కేసుల్లేవు, తాగుడు లేదు.

విచారణకు ఇద్దరు పోలీసులు మా ఊరు చొప్పదండి వెళ్లారు. మా వీధిలో ఎవరో నా అప్పు సంగతి చెప్పారు.

అది బాపు నూలు కోసం షావుకారు దగ్గర చేసిన అప్పు. బాపు పోయాక షావుకారు మగ్గం పట్టుకుపోతానన్నాడు. ఆ మగ్గం మీదే నన్ను కన్న అవ్వ బతుకు. అందుకని నా పేరున కొత్త కాగితం రాయించి, కొడుకుగా నేను సంతకం పెట్టాను. అప్పటినుంచి జీతంలోంచి కడుతున్నాను, ఒక్క నెలా తప్పకుండా.

పది రోజులకు ఠాణాకు పిలిచారు. అక్కడి అధికారి నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"గింత అప్పు వెట్టుకున్నోనికి మందు గోదాం ఎట్లిస్తరు? రేపు ఎవడన్న పైసల ఆశ జూపిస్తే నాలుగు పెట్టెలు అమ్ముకోవా?"

"గసొంటోన్నయితే షావుకారుకే ఎగవెడుతుంటి సార్. నేను నెలనెలా కడుతున్న."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. సాయం చేద్దామనే అనుకున్నాడేమో, తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"ఒక పని జెయ్యి. మీ బాపే నీకు తెల్వకుంట నీ పేరు మీద అప్పు జేసిండని రాయి. సచ్చినాయనకు పొయ్యేదేమున్నది?"

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. కాగితం తీసుకుని రాశాను: 'ఈ అప్పు నాది. తెలిసే సంతకం పెట్టాను. తీరేదాకా కడతాను.' ఆయన చదివి, "పాగల్ గానివా?" అన్నాడు.

ఉద్యోగం వేరేవాడికిచ్చారు. ఆదివారం ఊరికి వెళ్లి అవ్వకు జరిగిందంతా చెప్పాను.

"అప్పు కట్టేటోడు దొంగెట్లయితడు బిడ్డా?" అంది. ఆ వెంటనే, "నువ్వు బాపు మీద రాసిచ్చుంటే నిన్ను గడప తొక్కనియ్యకపోతుంటి" అంది.

ఏడాదిన్నరకు ఆ జాగా మళ్లీ ఖాళీ అయింది. తోటి గుమస్తాలు వద్దన్నా దరఖాస్తు పెట్టాను. అప్పెంతో, ఎంత కట్టానో, ఇంకెంత మిగిలిందో ఎవరూ అడగకముందే అందులో రాసి, రసీదులన్నీ జత చేశాను. ఠాణాలో ఈసారి కొత్త అధికారి ఉన్నాడు. రసీదులు ఒక్కొక్కటే తిరగేశాడు.

"ఇంక తీరలేదా?"

"తీరలే సార్. ఇంకో రెండేండ్లు పడతది. గందుకే నౌకరి ఇయ్యరంటే, అప్పున్నోళ్లు పనికిరారని కాగితం మీద రాసియ్యిన్రి. గని ముంగట గోడకు నేనే అంటిస్త."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "దాచిపెట్టేటోనితోనే మాకు ఫికర్. నువ్వు అడగకముందే చెప్తివి" అన్నాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గోదాములో చేరిననాటికి నా అప్పు తీరడానికి ఇంకా ఇరవై రెండు నెలలుంది. ఆ సంగతి అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను.