మైకు బాబాయి సవరణ

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఉద్యోగకాలమంతా బళ్ళ రాకపోకలు చెప్పిన మనిషికి ఇంట్లో గొంతు తగ్గించడం ఎలా చేతనవుతుంది? మంచినీళ్ళు అడిగితే ఎదురింటివాళ్ళు గ్లాసు పట్టుకుని రావాలనిపించేంత గొంతు. అన్న కూతురు బడికి వెళ్ళే వయసులో ఆయనకు ‘మైకు బాబాయ్’ అని పేరు పెట్టింది. అది వీధంతా పాకింది. పేరు పెట్టిన పిల్ల మీద ఆయనకు కోపం రాకపోగా, వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి మురిసిపోతూ చెప్పుకునేవాడు.

పనిలో ఆయనకొక పద్ధతి ఉండేది. బండి ఆగే చోటు మారితే కొత్త నంబరు ఒక్కటే చెప్పి ఊరుకునేవాడు కాదు. “ప్రయాణికులు గమనించగలరు. బోర్డు మీద మూడో నంబరు అని ఉన్నది తప్పు. బండి ఐదో నంబరుకు వస్తుంది” అనేవాడు. ముందు తప్పేదో చూపించాలి, ఆ తర్వాతే ఒప్పు చెప్పాలి, లేకపోతే జనం నమ్మరు అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాడు. నిజానికి ఆయన డ్యూటీలో బండి తప్పిపోయినవాళ్ళు బాగా తక్కువ.

రిటైరయ్యాక మైకు పోయి చేతికి ఫోనొచ్చింది. బంధువుల గ్రూపు, బస్టాండు పాత ఉద్యోగుల గ్రూపు, వీధి గ్రూపు, అన్నిట్లోనూ ఆయన గొంతే. అసలే నోట్లో నువ్వుగింజ నానని మనిషి. నీళ్ళు ఆగిపోతాయన్నా, ఎవరికో ఒంట్లో బాగాలేదన్నా, అది వదంతి అని తేలినా, ముందుగా ఆయనే చెప్పాలి.

అన్న కూతురు పసిపిల్లగా ఉండగానే అన్న పోయాడు. అప్పటినుంచీ ఆమె ఈ ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతోంది. పక్క సీటులో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీద ఒక పాదం ఉంచి, ఎదుటివాళ్ళ భయాన్ని ఓపిగ్గా భరించే ఉద్యోగం. స్కూలు బోర్డు మీద కారు పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటో ఆమెదే. ఆ బోర్డు చూడ్డానికే బాబాయి రోజూ కూరగాయలకు చుట్టుదారిన వెళ్ళేవాడు.

నేర్చుకునేవాళ్ళలో ఒకడు ఎర్ర దీపాన్ని లెక్కచేసేవాడు కాదు. ఇంకా పరీక్షకు పంపను అని అందరి ముందూ చెప్పేసిందామె. అతనికి తల కొట్టేసినట్టయింది కాబోలు. బోర్డు మీది ఫోటో తీసుకుని, ముఖం మాత్రం ఉంచి, ఒంటి మీద గుడ్డ లేకుండా ఏదో యాప్‌తో బొమ్మ తయారుచేసి, నేర్చుకునేవాళ్ళ గ్రూపులో పడేశాడు. కాసేపటికే తీసేశాడు గానీ అప్పటికే అది నలుగురి చేతుల్లో పడింది. తిరిగి తిరిగి వీధిలో ఒకాయన ద్వారా బాబాయి ఫోనుకొచ్చింది.

ముఖం ఆమెదే, మిగతాది ఆమెది కాదని ఆయన చూడగానే గ్రహించాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంత అబద్ధం తిరుగుతుంటే తను చేతులు ముడుచుకుని కూర్చోవడమా? పాత పద్ధతే తన్నుకొచ్చింది. ఏది అబద్ధమో చూపించాలి కదా! బొమ్మ పెట్టాడు, దాని కింద తన గొంతు రికార్డు చేసి జోడించాడు. “అందరూ గమనించగలరు. ఇది మా అమ్మాయి ఫోటో కాదు. కంప్యూటరుతో చేసిన దొంగ బొమ్మ. నమ్మకండి.” బంధువులకు, పాత ఉద్యోగులకు, వీధికి, అందరికీ పంపాడు. పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం అన్న కూతురు ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“బాబాయ్, ఆ బొమ్మ నువ్వు పంపావా?”

“అబద్ధమని చెప్పాను తల్లీ. నువ్వేం బెంగపడకు.”

“వాడు పంపింది కారు నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళకి. నువ్వు పంపింది నన్ను ఎత్తుకుని పెంచిన వాళ్ళకి. ఇప్పుడు నేను ఎవరి ముఖం చూడాలి?”

ఆ గ్రూపులవాళ్ళలో చాలామందికి అలాంటి బొమ్మ ఒకటుందనే తెలియదు. తెలిసేలా చేసింది తనేనని ఆయనకు అప్పుడు వెలిగింది.

ఆమె ఫిర్యాదు తీసుకుంటూ పోలీసులు ఒక మాట స్పష్టంగా చెప్పారు. బొమ్మ ఎవరినుంచి ఎవరికి వెళ్ళిందో దాచకుండా చెప్పాలి. ఒక్కరిని దాచినట్టు కోర్టులో బయటపడినా, ఆమె మిగతా మాటలకూ విలువ పోతుంది, చేసినవాడు తప్పించుకుపోతాడు. అతనివైపు వాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు కూడా, సొంత బాబాయే ఊరంతా పంచాడు, మావాడిదొక్కడిదేనా తప్పు అని.

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలింది. “ఇంటి మనిషిని ఎవరైనా కేసులో ఇరికిస్తారుటే? ఆయన నీ మంచికే కదా చేసింది?”

“మంచికే చేశాడు పిన్నీ. పంపలేదని నన్ను ఎలా చెప్పమంటావు?” అంటూ ఆమె ఏడ్చింది.

పక్క గదిలో బాబాయి అంతా విన్నాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె కారు దగ్గరికి ముందే వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పుడూ ఆయన కూర్చునే ముందు సీటులో ఆమె తన సంచీ పెట్టింది. ఆయన చూసి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

స్టేషన్లో అధికారిణి ఆయన్ను కూర్చోమంది. అడగకముందే ఆయన చెప్పేశాడు. “నేనూ పంపానండీ. నా పేరు కూడా రాయండి.”

“అది దొంగ బొమ్మని మీకు తెలుసా?”

“తెలుసండీ. అందుకే పంపాను, ఎవరూ నమ్మకూడదని.”

“ఈమెను అడిగారా?”

“అడగడమేమిటండీ, మా పిల్లే కదా.”

“దొంగ బొమ్మైనా నిజం బొమ్మైనా చట్టం మొదట అడిగేది అదేనండీ, ఆవిడ ఒప్పుకుందా అని. చేయడం ఒక నేరం, పంపడం ఇంకో నేరం. మీ మనసులో ఏముందో కోర్టు చూస్తుంది. సరే, బొమ్మ పెట్టకుండా ఆ నాలుగు మాటలూ చెప్పొచ్చుగా?”

ఎన్నో ఏళ్ళుగా తిరుగులేదని ఆయన నమ్మిన పాఠం అక్కడ, ఆ చెక్క కుర్చీలో, ఎందుకూ కొరగాకుండా పోయింది. సిగ్గుతో తల వంచుకుని సంతకం పెట్టాడు.

బొమ్మ ఎవరెవరికి పంపాడో వాళ్ళందరి దగ్గరా దాన్ని తీసేయించాలంది అధికారిణి, మళ్ళీ గ్రూపులో మాత్రం ఎత్తొద్దంది. మైకులో ఒక్కసారి చెబితే బస్టాండంతా వినేది. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి, గొంతు తగ్గించి, దండం పెట్టి అడగాల్సొచ్చింది. కొందరు జాలిపడి అక్కడికక్కడే తీసేశారు. వరసకు వదినైన ఒకావిడ మాత్రం తలుపు దగ్గరగా వేసి, “ఇంతకీ నిజంగా పిల్లది కాదా?” అని గుసగుసగా అడిగింది. ఆయన మెట్లు దిగుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

కేసు నెలల తరబడి నడిచింది. బోర్డు మీది ఫోటో ఎవరైనా వాడుకోవచ్చనుకున్నానని, ఒళ్ళు ఆమెది కాదు గనక ఆమెకు నష్టమేమిటని ఆ కుర్రాడు వాదించాడు. కోర్టు వినలేదు. చేసినందుకూ పంపినందుకూ విడివిడిగా శిక్ష వేసింది. బాబాయికి చెడ్డ ఉద్దేశం లేదని, తనంతట తనే వచ్చి చెప్పాడని గమనించి, గట్టిగా మందలించి వదిలేసింది. అన్న కూతురు ఒక్కరోజు కూడా పని మానలేదు. బోర్డు మీద ఫోటో ఉంచాలా అని స్కూలువాళ్ళు అడిగితే, ఉంచమంది.

ఆ తీర్పు వచ్చిన వారంలో ఒకనాడు ఆయన్ను పాత ఉద్యోగుల ఆఫీసులో పనుండి బస్టాండుకు తీసుకొచ్చిందామె. సంచీ ఇంకా ముందు సీటులోనే ఉంది. ఆమె బయట కారులో ఉండిపోయింది. ఆయన లోపలికి వెళ్ళాడో లేదో, టీ గ్లాసులతో పాత మిత్రులంతా చుట్టూ మూగారు.

“ఏంట్రా మైకూ, గ్రూపులో చప్పుడే లేదు? కోర్టులో ఏం జరిగిందో మొత్తం చెప్పు. అసలా బొమ్మ ఎలా చేశాడంట?”

గొంతు నిండా మాటలున్నాయి. పిల్ల గెలిచిందన్న కబురు ఆ కప్పు ఎగిరిపోయేలా చెప్పాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. కారు వైపు ఒకసారి చూశాడు.

“అది దాని సంగతిరా. చెప్పాలో వద్దో దాని ఇష్టం,” అన్నాడు. టీ కూడా ముట్టుకోకుండా వచ్చేశాడు.

వెనక తలుపు మీద చెయ్యి వేసేసరికి ఆమె కిటికీలోంచి అడిగింది. “ఏమన్నారు బాబాయ్?”

“నీ గురించి అడిగారు.”

“నువ్వేం చెప్పావు?”

“ఏమీ చెప్పలేదు తల్లీ. నిన్ను అడగలేదుగా.”

ఆమె ముందు సీటులోని సంచీ తీసి వెనక్కి పడేసింది.

“ఇటొచ్చి కూర్చో,” అంది.