గుప్పిట్లో పెట్టిన మాట

మా ఆవిడ పోయి నలభై రోజులు దాటింది. ఆ పొద్దున కాఫీ తాగి, ఛాతీలో మంటగా ఉందంది. రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి కారులో బయల్దేరాం. భట్టిప్రోలు దాటకముందే నా భుజం మీద ఆమె తల బరువెక్కింది. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరు. ఎక్కువ కాలం నిజాంపట్నం దగ్గర, చేపల వేటకెళ్లేవాళ్ల పేటలో పనిచేసింది. ఇది చదివేవారిలో ఆమె దగ్గర మొదటి మాటలు నేర్చినవారు ఒకరిద్దరైనా ఉండొచ్చు. మీకు ఆమె ముఖం గుర్తుండదు. అప్పటికి మీకు రెండు మూడేళ్లు.

ఆమెకో గుడ్డసంచి ఉండేది. అందులో గవ్వ, చింతగింజ, చెంచా, పాత తాళంచెవి. ఒక వస్తువు తీసి పిల్ల అరచేతిలో పెట్టేది. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ మూసేది. అప్పుడు దాని పేరు చెప్పేది, ఒక్కసారే. ఇదేంటని ఎప్పుడూ అడిగేది కాదు. ముఖంలోకి చూస్తూ ఊరుకునేది.

ఒకసారి ఆమె ఇంట్లో మర్చిపోయిన సంచి ఇవ్వడానికి నేను వెళ్లినప్పుడు, ఓ తల్లి గుమ్మంలో నిలబడి దెబ్బలాడుతోంది.

“మావాడికి ఏబీసీడీలు చెప్పవేంటి టీచరమ్మా? ఇంటికొచ్చి గవ్వ, పీత అంటన్నాడు. అవి మాకు రావా ఏంటి!”

“నీకొచ్చు వదినా. వాడికి రావాలిగా!”

ఆ తల్లి నవ్వేసింది. వెళ్తూ వెళ్తూ రెండు పీతలు ఇచ్చిపోయింది.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. పిల్లలు ఇట్టే పట్టేస్తారు కదా, ఇంత నెమ్మదెందుకని అడిగాను.

“పట్టేస్తారండి. సాయంత్రానికి జారిపోతుంది. నిద్రపోయి లేచి, ఇంకో చోట అదే కనబడినప్పుడు అన్నారనుకోండి, అప్పుడది వాళ్ల మాట.”

“మరి మర్చిపోతే?”

“మర్చిపోవడం వాళ్ల తప్పు కాదు. మళ్లీ చూపించకపోవడం మన తప్పు. మీరేమో ఒకసారి చెప్పి పరీక్ష పెడతారు.”

నేను నొచ్చుకున్నాను. అది నిజమని ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మాయి బాపట్లలో ఉద్యోగం చేస్తుంది. దాని కూతురికి ఇరవై నెలలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా దగ్గరే ఉండేది. ఆఖరి వారంలో మా ఆవిడ దానికి నేర్పింది గవ్వ. అది ఆ మాట అనగా మేమెవరం వినలేదు.

పదకొండో రోజున పటానికి గంధపు దండ వేశాం. వచ్చినవాళ్లందరూ పిల్లను ఎత్తుకుని, “అమ్మమ్మ ఏదమ్మా? అమ్మమ్మ ఏది?” అని అడిగారు. అది పటం వైపు వేలు చూపిస్తే కళ్లు తుడుచుకున్నారు. తర్వాత రోజూ పొద్దున్నే నేనూ అడిగాను. ఇరవై నెలల పిల్ల ఏం గుర్తుంచుకుంటుందన్న భయం నాది. మర్చిపోనివ్వకూడదనుకున్నాను. వేలు చూపించిన ప్రతిసారీ నాకు ధైర్యంగా ఉండేది.

మూడు వారాలయ్యాక, పిల్లకు గౌను కొందామని ముగ్గురం తెనాలి వెళ్లాం. బట్టల కొట్లో గల్లా వెనక గోడకు, గుబురు మీసాల పెద్దాయన పటం. దానికీ దండ ఉంది. నా చంకలోంచి పిల్ల వేలు చూపించి గట్టిగా అంది.

“అమ్మమ్మ!”

కొట్టతను నవ్వాడు. “మా నాన్నగారమ్మా ఆయన.”

అమ్మాయి ముఖం తిప్పుకుంది. తిరుగు రైల్లో పిల్లను ఒళ్లోకి తీసుకుని అంది.

“మీరే కదా నాన్నా, రోజూ అడిగింది.”

అవును. దండ వేసిన అద్దాన్ని అమ్మమ్మ అంటారని మేమే నేర్పాం. ఎత్తుకున్న మనిషి, అన్నం పెట్టిన మనిషి ఆ మాటలోంచి పోయింది. పోగొట్టింది నేను.

మర్నాడు పటం దించి బీరువాలో పెట్టాను. “ఏడాదైనా కాలేదు, ఎవరైనా చూస్తే ఏమంటారు?” అంది అమ్మాయి. ఏమైనా అననీ అన్నాను. తల్లి పోయాక పెట్టిన దాని సెలవు ఆదివారంతో అయిపోతుంది, పిల్లను బాపట్ల తీసుకెళ్లిపోతుంది. నాకున్నవి రెండు రోజులు.

సంచి విప్పాను. గవ్వ పిల్ల చేతిలో పెట్టి, చిటికెన వేలి నుంచి మూశాను. గవ్వ అన్నాను. ఇంకేమీ అడగలేదు. అది నా ముఖం చూడలేదు. నా వెనక వంటింటి గుమ్మం వైపు చూసింది. చాలాసేపు చూసింది. రెండో రోజూ అంతే.

పోయిన ఆదివారం బస్సులో బాపట్ల వెళ్లాను. వాళ్ల పక్కింట్లో గది కడుతున్నారు, వాకిట్లో ఇసుక పోసి ఉంది. పిల్ల అందులో ఆడుకుంటోంది. నేను గట్టు మీద కూర్చున్నాను. సంచి తీసుకెళ్లలేదు.

కాసేపటికి అది లేచి నా దగ్గరికొచ్చింది. నా చెయ్యి తిప్పి, అరచేతిలో ఏదో పెట్టింది. ఇసుకలో దొరికింది, గోరంత ఉంది. నా చిటికెన వేలు పట్టుకుని వంచింది. తర్వాత ఉంగరం వేలు. మిగతావి దాని చేతికి లొంగలేదు, నేనే మూశాను.

“గవ్వ” అంది. ఒక్కసారే.

అని, నా ముఖంలోకి చూస్తూ ఊరుకుంది.

ఆ మాట నేను తిరిగి అనడానికి చాలాసేపు పట్టింది. అది అంతసేపూ అలాగే నిలబడింది. సాయంత్రం రేపల్లె బస్సెక్కేటప్పుడు ఎడమ చేత్తోనే కమ్మీ పట్టుకున్నాను. కుడిచెయ్యి ఇంటికొచ్చేదాకా తెరవలేదు.