చప్పుడు లేకుండా వచ్చిన ఓడ

ఎదురింటి తాత పోయాడని పోయిన బుధవారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను మహబూబ్‌నగర్‌లో, హాస్టల్ మెట్ల మీద ఉన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఓడ ఎక్కడుంది?"

"మనిషి పోయిండంటె ఓడ ముచ్చట అడుగుతవేందే?" అని అమ్మ కోప్పడింది.

నిజమే. కానీ ఆ ఓడ గురించి తాతకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

నారాయణపేటలో మా ఎదురింట్లో తాత గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. కొత్త నూలు తెస్తే వేలికి చుట్టి తెంపి చూసేవాడు. ఫోన్‌లో వాన లేదని వస్తే బయటికొచ్చి ఆకాశాన్ని అడిగేవాడు. మాటల మీదా అదే అనుమానం. ఇంటర్‌లో నేను రాసిన కథను ఆయన అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. దూరపు గ్రహం నుంచి మన గుట్టల మీదికి ఒక ఓడ వచ్చే కథ అది. తాత వాక్యానికోసారి ఆపాడు.

"గీ మాట ఊకెనే రాసినవా, కావాల్ననే రాసినవా?"

"కావాల్ననే తాతా" అన్నాను ప్రతిసారీ. అప్పుడే కొత్త మాటలు దొరుకుతున్న రోజులు. సగం మాటలు వినడానికి బాగున్నాయనే పెట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"అయితె కట్టి సూద్దాం పా" అన్నాడు తాత.

బొమ్మ అనుకున్నాను. ఆయన అన్నది ఆరడుగుల ఓడ, ఎగిరే ఓడ. నా కథలో దాని ఒళ్లు రెండు కొసలా సన్నం, నడుమ లావు. అది విని తాత నవ్వాడు. "గిది నాడె గదనే! నూలు కండె పెడితె చీర నేయొచ్చు." మగ్గంలో దారాన్ని మోసుకుని అటూ ఇటూ ఉరికే ఆ చెక్క నాడెను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. రాసేటప్పుడు మాత్రం నాకది తట్టలేదు.

వెదురు బద్దలు చీల్చి, దీపం మీద వంచి, ఒళ్లూ రెక్కలూ నూలుతో కట్టాడు. పైన మిగిలిన పల్చటి పట్టుగుడ్డ కప్పి గంజి పూశాడు. ఆరాక అది డప్పులా బిగుసుకుంది. ప్రతి బద్దనూ గోటితో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "గిదొక్కటి నన్ను మోసం చేసేటట్టుంది" అని బాగున్నదాన్ని కూడా విప్పేసేవాడు. పెళ్లి వీడియోలు తీసే ఆయన అల్లుడు పాడైన డ్రోన్ ఒకటి ఇచ్చాడు. దాంట్లోని నాలుగు మోటార్లు రెక్కలకు బిగించి తిప్పి చూశాం. వీధి వీధంతా తలుపులు తీసింది.

"అబ్బ! నా అసొంటి చెవిటోనికే ఇనొస్తాంది" అన్నాడు తాత.

రెండు రోజులకు వెళ్లి చూస్తే రెక్కల మీద మోటార్లు లేవు.

"మోటార్లేవి తాతా?"

"ఉన్నయిలే." తల ఎత్తలేదు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. కాలేజీలో నా కథకు నవ్వినవాళ్లందరికీ ఓడ ఎగురుతుందని చెప్పి ఉన్నాను. ఆ వారమే బస్టాండులో తాత అల్లుడి చేతికి ఒక సంచి ఇవ్వడం చూశాను. ఇంకేముంది, ముడి పడిపోయింది. ఇంటికొచ్చి అమ్మతో అరిచినట్టే చెప్పాను. "మోటార్లు అల్లునికి వాపసిచ్చిండు. ఎగిరేది లేదు, ఏం లేదు. నన్ను ఊకెనే ఆడిపిచ్చిండు!"

మా వీధి ఇరుకు. తలుపు తీసే ఉంది. ఎదురింట్లో మగ్గం చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

తొమ్మిది రోజులు నేను అటు పోలేదు. పదోరోజు పొద్దున తాతే మా గుమ్మంలోకి వచ్చాడు. "గాలి మంచిగున్నది. నమ్మెటట్టు లేదు గని, పోదాం పా."

ఓడను ట్రాలీ ఆటోలో ఊరి బయట గుట్ట దాకా తీసుకెళ్లాం. పైకెక్కాక దాన్ని నా చేతుల్లో పెట్టాడు. నా కళ్లు రెక్కల మీదే ఉన్నాయి.

"మోటార్లు లేకుంటె ఎట్ల ఎగురుతది?"

"ముక్కుల ఉన్నయి. తిరుగయి. బరువుకు పెట్టిన. ముక్కు తేలికైతె తోక మీద పడ్తది."

"తిప్పొచ్చు గద తాతా?"

"'ఓడ చప్పుడు లేకుండా వచ్చింది' అని రాసినవ్ గదనే. కావాల్ననే అంటివి."

అంతే అన్నాడు. నేను అరిచిన మాట ఎత్తలేదు. ఆ సంచిలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. కందులో, పాత బట్టలో. ఆ తర్వాత సెలవులకు వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ఆయన చాయ్ పోసి, "కొత్తగ ఏం రాసినవ్?" అని అడిగేవాడు. నేను వేరే ముచ్చటలోకి పోయేదాన్ని.

'చప్పుడు లేకుండా' అన్న మాట ఊకెనే రాసిన తాతా. నిన్ను అనుమానించింది మాత్రం ఊకెనే కాదు, గట్టిగనే.

ఆ రోజు మేం వెతికి తెచ్చుకున్న ఓడ ఇప్పుడు మగ్గం పైన దూలానికి వేలాడుతోందని అమ్మ తర్వాత చెప్పింది. నాకు మాత్రం అది ఇంకా గుట్ట మీదే ఉంది. ఆ పొద్దున నాలుగడుగులు ఉరికి వదిలాను. ముందు కిందికి జారింది, తర్వాత గాలి దొరికి బండరాళ్ల మీదుగా లేచింది. కింద మేస్తున్న గొర్రెల మీదుగా నీడ పోతే ఒక్కటీ తల ఎత్తలేదు.

తాత చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు.

"చప్పుడొస్తాందా బిడ్డా?"

"లేదు తాతా."

"మంచిగ ఇను."

నా మాట కూడా నమ్మలేదు. ఓడ అవతలి గుట్ట దాటి కనబడకుండా పోయేదాకా అలాగే చెవి ఒగ్గి నిలబడ్డాడు.