నడిచినందుకు ఒక రొట్టె

నాయిన చనిపోయిన ఏడాది అమ్మ ఉప్పల్ రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటపనికి చేరింది. మాది నాచారంలో రెండు గదుల ఇల్లు. నేను నగరంలో నర్సింగ్ చదువుతూ హాస్టల్‌లో ఉండేదాన్ని. శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, ఆదివారం అమ్మతో లాలాపేట్‌లో చర్చికి వెళ్ళి, ఆ సాయంత్రమే తిరిగి బస్సెక్కేదాన్ని. అప్పుడప్పుడే డెబ్బైలు మొదలైన కాలం. నాచారంలో షెడ్డు పక్కన షెడ్డు లేస్తున్నా మధ్యలో ఇంకా జొన్నచేలు ఉండేవి.

అమ్మ భారీ మనిషి. ఆమెకు తిండంటే ప్రాణమని చుట్టుపక్కలవాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్నతనంలో ఊళ్ళో కరువొచ్చి, పలచటి అంబలితో నెలలు గడిపిన మనిషి ఆమె. పళ్ళెంలో అన్నం కనబడితే ఆమె ముఖం నెమ్మదించేది. అది జిహ్వచాపల్యం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆమె పళ్ళేనికి లెక్కలు కట్టాను.

ఒక వానాకాలం ఆమెకు ఆయాసం ఎక్కువైతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి బీపీ ఉందని చెప్పింది. బరువు తగ్గాలి, తిండి తగ్గించాలి, రోజూ నడవాలి అంది. అమ్మ వెంటనే ఒప్పుకుంది. మరునాటి నుంచే బస్సు మానేసి, పొద్దున్నే ఇంటి నుంచి క్యాంటీన్‌కు నడక మొదలుపెట్టింది. సాయంత్రం మళ్ళీ నడిచే వచ్చేది. పోనూ రానూ నాలుగు మైళ్ళు ఉంటుంది.

తిండి సంగతి నేను చూసుకుంటానన్నాను. మాకు ఆ ఏడే ఆహారం పాఠాలు మొదలయ్యాయి. ఏది తింటే ఒంటికి ఎన్ని కేలరీలు చేరతాయో, ఏ పని చేస్తే ఎన్ని ఖర్చవుతాయో లెక్కగట్టడం నేర్పించారు. కేలరీ అన్న మాట పలకడమే నాకు గొప్పగా ఉండేది. వార్డులో బరువు తగ్గాల్సిన రోగులకు వాడే పట్టిక ఒకటి దొరికితే దాన్ని తెలుగులో అందంగా రాసి, పొయ్యి పైన గోడకు అంటించాను. పొద్దున చాయ్, ఒక రొట్టె. మధ్యాహ్నం రెండు రొట్టెలు, ఆకుకూర. రాత్రి ఒక రొట్టె, మజ్జిగ. అమ్మకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని గుర్తుపెట్టుకుంది.

మూడు నాలుగు వారాలు గడిచాక ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది.

"బిడ్డా, బస్సుల పోయినప్పుడు గిట్ల లేకుండె. ఇప్పుడు నడిచిపోయి పొయ్యి ముంగట కూసుంటే చేతులు వణుకుతున్నయ్. నడిచినందుకు ఇంకొక్క రొట్టె తినొచ్చునా?"

నేను నోటుపుస్తకం తీశాను. ఆ నడకకు ఖర్చయ్యేదెంతో, ఒక రొట్టెలో ఉండేదెంతో వేసి చూపించాను. ఆమె అంకెల వైపు కాకుండా నా ముఖం వైపు చూస్తూ వింది.

"నడిచి కరిగించుకున్నదంతా మళ్ళ తింటే నడిచి ఏం లాభమమ్మా? గంతకన్న బస్సుల పోవుడే నయం గద," అన్నాను.

"నిజమే తియ్యి. నువ్వు చదువుకున్నదానివి," అంది. ఆ మాటలో వెక్కిరింపు లేదు. నమ్మి అంది.

నెలకోసారి నన్ను హాస్టల్‌లో దించే నెపంతో సికింద్రాబాద్ దాకా వచ్చేది. స్టేషన్‌లో నాణెం వేస్తే బరువు చెప్పే యంత్రం ఉండేది. చిన్న అట్టముక్క బయటికి వచ్చేది. ఒక వైపు బరువు, రెండో వైపు జాతకం. మొదటి నెల బాగా తగ్గింది. రెండో నెల కొంచెం తగ్గింది. అమ్మ ఆ అట్టముక్కను తిప్పి చూపిస్తూ, వెనక ఏం రాసి ఉందో చదవమని అడిగేది. అవన్నీ ఉత్తమాటలని బరువు మాత్రం చదివి చెప్పేదాన్ని. మూడో నెల యంత్రం పోయిన నెల అంకే చూపించింది. నాలుగో నెల కూడా అంతే.

నా లెక్క తప్పదు కాబట్టి అమ్మే తప్పుతోందని తేల్చుకున్నాను. రోజంతా రొట్టెల మధ్య ఉండే మనిషి, చాటుగా తింటోందనుకున్నాను. ఒక బుధవారం మాకు సెలవు దొరికితే, చెప్పకుండా క్యాంటీన్‌కు వెళ్ళాను.

వెనక వైపు నీళ్ళ తొట్టి దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో సగం తిన్న జొన్నరొట్టె, అందులో ఇంత మిరపకాయ తొక్కు. చుట్టూ కూరగాయలు తరిగే ఆడవాళ్ళు, చాయ్‌కి వచ్చిన నలుగురైదుగురు కార్మికులు. పక్కకు పిలిచి అడిగి ఉండొచ్చు. నేను అక్కడే నిలబడి అడిగాను.

"నెలల కొద్ది నాకు అబద్ధం జెప్తున్నవా? గోడ మీద నేను రాసింది ఎవరికోసం?"

అందరూ ఆగి చూశారు. అమ్మ నమలడం మానేసింది. మిగిలిన రొట్టెను మడిచి పళ్ళెంలో పెట్టి, చెయ్యి కడుక్కుంది. ఆమెతో పాటు రొట్టెలు చేసే పెద్దావిడ లేచి నా దగ్గరికి వచ్చింది.

"మీ అమ్మను అనకు బిడ్డా. మొన్న ఈడనే కండ్లు తిరిగి పడ్డది, పొయ్యిల పడకుంట నేనే పట్టుకున్న. అప్పటిసంది నేనే బలిమికి పెడుతున్న ఆ ఒక్క రొట్టె. వద్దనే అంటది. మా బిడ్డకు తెలుస్తే బాధపడతదంటది."

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "ఎండల వచ్చినవ్, చాయ్ తాగి పో," అని లోపలికి వెళ్ళింది. తాగకుండానే వచ్చేశాను.

మరునాడు ఆహారం పాఠం చెప్పే సిస్టర్‌ను అడిగాను, మా అమ్మ అనకుండా ఒక రోగి అని చెప్పి. ఆవిడ నా పట్టిక తీసుకుని చూసి, ఇది మంచం మీద పడుకునే వాళ్ళకు కదా అంది. నువ్వు చెప్పే మనిషి రోజంతా ఏం చేస్తుందని అడిగింది. రెండు వందల రొట్టెలు చేస్తుంది, బిందెలు మోస్తుంది, నాలుగు మైళ్ళు నడుస్తుంది, చేతులు వణుకుతున్నాయి, రెండు నెలలుగా బరువు ఆగిపోయిందని చెప్పాను. ఆవిడ పట్టికను నా చేతికి తిరిగి ఇచ్చింది. తర్వాత మెల్లగా వివరించింది. నడిచిందంతా తిరిగి తినేస్తే బరువు తగ్గదు, నిజమే. కానీ చేతులు వణుకుతుంటే కొంత తినాలి, సగమైనా తినాలి, లేకపోతే మనిషి నిలవదు, నడకా నిలవదు. బరువు కొన్ని నెలలు ఆగిపోవడం మామూలే, అది చాటుగా తింటున్నారనడానికి రుజువు కాదు.

ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి గోడ మీద కాగితం లేదు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి బస్సులో వచ్చి దిగింది. నేను ఎదురువెళ్ళి, నాదే పొరపాటని, నడిచిన రోజు ఒక రొట్టె ఎక్కువ తినవచ్చని, తినాలని సిస్టర్ చెప్పిందని గబగబా చెప్పాను. ఆమె విని, చేతిలో సంచి నాకిచ్చింది.

"వద్దు బిడ్డా. నడిస్తే ఆకలైతది. ఆకలైతే నిన్ను అడగాలె. బస్సే నయం."

కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి నిర్ణయం చెప్పినట్టు అంది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు బతిమాలినా మళ్ళీ నడకకు వెళ్ళలేదు. తగ్గిన బరువు ఏడాది తిరగకముందే వచ్చేసింది. ఇంకొక మార్పు కూడా వచ్చింది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ఇంట్లో ఉంటే ఆమె నాతో కూర్చుని తినేది కాదు. నువ్వు తిను, నేను తర్వాత తింట అనేది. నేను వాకిట్లోకి వెళ్ళాక వంటింట్లో గిన్నె చప్పుడయ్యేది.

నాకు ఉద్యోగం వచ్చిన మూడేళ్ళకు ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక మానడం వల్లే వచ్చిందని ఎవరూ అనలేదు. అలా చెప్పలేమని డాక్టర్లే అన్నారు. నాకు మాత్రం ఆ లెక్క తెగలేదు. కుడిచెయ్యి పడిపోవడంతో నేనే ముద్దలు కలిపి పెట్టేదాన్ని. నేను పనిచేసే వార్డులో రోగులెవరైనా, సిస్టర్, నడుస్తున్న కదా ఇంకొంచెం తినొచ్చా అని అడిగితే, ముందు వాళ్ళు పొద్దుటి నుంచి ఏమేం పని చేశారో అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు అమ్మకు పనికిరాలేదు.

ఒక మధ్యాహ్నం పప్పన్నం పెడుతూ, ఆ రోజు క్యాంటీన్‌లో నలుగురి ముందు నేను అట్లా అనకుండా ఉండాల్సిందని చెప్పాను. నోట్లో ముద్ద మింగేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"ఏ క్యాంటీన్ ముచ్చట?" అంది.

నిజంగానే మరిచిపోయిందో, నన్ను ఒడ్డున పడేయడానికి అలా అందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంకో ముద్ద కలిపాను. ఆమె నోరు తెరిచింది.