చిన్నికి నీళ్ళు తాపిన కాళమ్మ

మా చిన్నమ్మ కాళమ్మది హోసూరు దగ్గరి కెలమంగలం. మా అమ్మకు చెల్లెలు. ఆమెను తలుచుకుంటే నాకు ప్రేమా కోపమూ కలిసే వస్తాయి. పెళ్ళయి ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి పట్టుపురుగులు మేపడమే ఆమె బతుకు. ఒక పంట దించి పురుగుల ఇల్లు కడిగేలోపలే ఇంకో పంటకు గుడ్లు వచ్చేవి. పిల్లలు కలగలేదని ఊరివాళ్ళు బాధపడ్డారు కానీ, ఆమె బాధపడగా నేను చూడలేదు. బాధపడటానికి తీరికంటూ ఉండాలి కదా.

“ఎంత ప్రేమగా మేపితే ఏముందమ్మా శోభనా” అనేది నాతో. “గూళ్ళు కట్టినాక మార్కెట్టుకు పోతాయి. ఆడి నుంచి మరిగే నీళ్ళలోకి పోతాయి. నా చేతిలో పెరిగింది ఒక్కటన్నా నాతో నిలిచిందా?”

అట్లాంటి మనిషి చేతికి చిన్ని వచ్చింది. రెండు వేల మూడులో అనుకుంటాను, హోసూరులో మా పక్కింట్లో ఉన్న ఒక కంపెనీ ఆఫీసరుకు పూణేకి బదిలీ అయింది. పిల్లల కోసం కొన్న, కుందేలు పిల్లంత ఉండే గినీ పిగ్‌ను వాళ్ళు తీసుకుపోలేమన్నారు. తెల్లటి ఒళ్ళు, చెవి మీద గోధుమరంగు మచ్చ, తోక లేదు. ఏదో పెళ్ళికని హోసూరు వచ్చిన చిన్నమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంక దించలేదు. సాయంత్రం గుడ్డసంచిలో పెట్టుకుని కెలమంగలం బస్సెక్కేసింది.

“ఎలకను తెచ్చినావే!” అన్నాడట మా చిన్నాయన లక్ష్మణప్ప.

“ఎలక్కి తోక ఉంటాది. కండ్లు తెరిచి చూడు” అందట ఈమె.

చిన్నమ్మకు తెలిసిన పెంపకం ఒకటే. చిన్నిని కూడా అట్లాగే పెంచింది. పట్టుపురుగుకు తడి తగిలితే రోగం. అందుకని ఆకు మీద మంచు ఆరేదాకా ఆగి కోస్తారు, వానాకాలంలో అయితే గుడ్డతో తుడిచి వేస్తారు. పురుగు నీళ్ళు తాగదు, ఆకులో ఉన్న చెమ్మే దానికి చాలు. పడక తడిగా ఉంటే సున్నం చల్లుతారు. చిన్నికీ అంతే. పురుగులకు వేసే రేషిమి ఆకునే, అంటే మల్బరీ ఆకునే, ఒక్కొక్కటీ పైటకొంగుతో తుడిచి పెట్టేది. కింద గడ్డి మీద రోజూ సున్నం చల్లేది. ఆఫీసరమ్మ ఇచ్చిన నీళ్ళ సీసాను కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టింది. ఊళ్ళో ఆమె చేతి పంట చెడిపోదని పేరు. ఆ పేరున్న చేతితో, ఎంతో ప్రేమగా, ఆ ప్రాణికి తాగే నీళ్ళు లేకుండా చేసింది.

కొన్నాళ్ళకు చిన్ని అరవడం మొదలుపెట్టింది. సన్నగా, ఈల వేసినట్టు. నేను వెళ్ళినప్పుడల్లా చిన్నమ్మ మురిసిపోయేది. “నన్ను పిలస్తా ఉంది చూడు” అని ఇంకో గుప్పెడు పొడి ఆకు వేసేది. అది తినకుండా వీపు గూనిలా పెట్టి మూలన కూర్చునేది.

ఒకరోజు పొద్దున ఫోను చేసింది. ఎస్టీడీ బూతు నుంచి. ఆమె ఎప్పుడూ ఫోను చేసే మనిషి కాదు.

“సున్నం మీద ఎర్రగా ఉందమ్మా. ఉచ్చ పోసేటప్పుడు అరస్తా ఉంది. ఇన్నాళ్ళూ నన్ను పిలస్తా ఉందనుకుంటి.”

హోసూరుకు తెమ్మన్నాను. ఆకు బుట్టలో పెట్టుకుని వచ్చింది. బయలుదేరే ముందు చిన్నాయన తన తలనొప్పి మాత్ర సగం విరిచి ఇచ్చాడట, దానికి పొడి చేసి పెట్టమని. ఏదో దయతోనే ఇచ్చాడు, కాదనను. పశువుల ఆస్పత్రిలో ఆ మాట వినగానే డాక్టరు ప్రసాదు కుర్చీలో నుంచి లేచాడు.

“పెట్టినారా?”

“లేదప్పా. నాకే నమ్మకం లేకపోయె.”

“బతికించినారు. మనుషుల మాత్రలు దీనికి విషం. ఇట్లాంటిది చూస్తే ముందు ఈడికి తీసుకురావల్ల.”

ఆయన చిన్ని పొట్టను వేళ్ళతో మెల్లగా తడిమాడు. అది ఈల వేసింది. చిన్నమ్మ ముఖం తిప్పుకుంది. బెంగళూరు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. రాయి పెద్దదైతే కోసి తీయాలి, ఇంత చిన్న ఒంటికి మత్తు ఇవ్వడం గండమే అని దాపరికం లేకుండా చెప్పాడు. బెంగళూరు దారిలో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక బస్సు ఆగినంతసేపూ చిన్నమ్మ బుట్ట మీద చెయ్యి తీయలేదు. “ఇదీ పోతే ఇంక దేన్నీ పెంచను” అంది. అదొక్కటే మాట అంది దారి పొడుగునా.

ఫోటోలో పెద్ద రాయి లేదు. మూత్రసంచి అడుగున ఇసుకలాంటిది పేరుకుని ఉంది. తిరిగి వచ్చాక డాక్టరు ప్రసాదు ఆ తెల్లటి పొరను చూపించి, ఇది సున్నమే, ఒంట్లోనే తయారయిందని చెప్పాడు. మూత్రంలో తెల్లటి పొడి పడటం కనిపించలేదా అని అడిగాడు. ఎట్లా కనిపిస్తుంది? కింద ఆమె చల్లిన సున్నం ఉంది కదా.

“నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడతాదమ్మా. మంట, నొప్పి, నెత్తురు. అట్లే వదిలేస్తే రాయి. ఎప్పుడూ నీళ్ళు అందుబాటులో పెట్టండి. గడ్డే ఎక్కువ వెయ్యండి. కొత్తిమీర, దోసకాయ ముక్క, కడిగి తడితోనే పెట్టండి. రేషిమి ఆకు బాగా తగ్గించండి. సున్నం మాటే వద్దు. నొప్పికి చుక్కలు రాసిస్తాను, దాని బరువుకు లెక్కకట్టి రాసినాను, మీరుగా ఎక్కువ వెయ్యొద్దు. ఉచ్చ ఆగిపోయిందంటే ఒక్క పూట కూడా చూడొద్దు, తీసుకురండి.”

చిన్నమ్మ అన్నిటికీ తల ఊపింది. బుట్ట ఎత్తుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

“మనుషులకూ ఇట్లనే అయితాదా అప్పా?”

“మనుషులకూ అంతే. ఎవరికమ్మా?”

“ఊరికే అడిగినాను.”

నాకు ఒళ్ళు మండింది. బస్టాండులో ఆపి నిలదీశాను. “నీకా?” అన్నాను. ఒంటికి పోతే మంటగా ఉంటుందనీ, ఒక్కోసారి నిలబడలేననీ, కడుపు కింద పిండినట్టుంటుందనీ నేల చూస్తూ చెప్పింది.

కారణం నాకు తెలుసు. పురుగుల ఇంట్లో నుంచి బయటికి పోతే ఊరికే లోపలికి రాకూడదు. కాళ్ళూ చేతులూ కడిగి, తుడుచుకుని, గుమ్మంలో సున్నం తొక్కి రావాలి. పైగా ఆ ఇంటికి మరుగుదొడ్డి లేదు, తోట చుట్టూ జనం నడిచే దారి. మాటిమాటికీ బయటికి పోలేక ఆమె నీళ్ళు తాగడమే మానేసింది. ఆ చుట్టుపక్కల పురుగులు మేపే ఆడవాళ్ళందరూ అంతే. దాన్ని అలవాటంటారు. నేను దాన్ని అన్యాయం అంటాను.

“ఇప్పుడే ఆస్పత్రికి పోదాం పద” అన్నాను.

“పురుగులు నాలుగో జ్వరం లేసినాయమ్మా. ఈ వారం వదిలేస్తే పంట యాడుంటాది? గూళ్ళు దించినాక పోదాం.”

జ్వరమంటే పురుగు మేత మాని, పొర విడవడానికి పడుకోవడం. నాలుగోది లేచాక వాటి ఆకలికి అంతుండదు. ఇంటిల్లిపాదీ ఆకు మోసి మోసి సొమ్మసిల్లే రోజులవి. ఆ రోజుల్లోనే ఆమె చిన్నికి సేవ చేసింది. అటక మీది సీసా దించింది. అది సీసా మరిచిపోయింది, ముట్టలేదు. అప్పుడు సూది లేని సిరంజితో పెదవి పక్క నుంచి చుక్కచుక్కగా, పొరపోకుండా తాపింది. కొత్తిమీర కట్టను నీళ్ళలో ముంచి ముంచి పెట్టింది. గడ్డి తడిసినప్పుడల్లా మార్చింది. ఆ తర్వాత చేతులు కడిగి, తుడుచుకుని, పురుగుల ఇంట్లోకి పోయేది.

“తడి చేతులతో లోపలికి వస్తా ఉంది, పంట ముంచేస్తాది” అని చిన్నాయన గొణిగేవాడు.

“తడి నా చేతికే అంటింది, పురుగులకు కాదు. నువ్వు ఆకు తే” అనేది.

ఆదివారం నేను వెళ్ళేసరికి చిన్ని సీసా దగ్గర నిలబడి తనంతట తానే తాగుతోంది. మూత్రం పోసింది, అరవలేదు. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే. లేచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టి, “ఆకు వేసే పొద్దాయె” అని లోపలికి పోయింది. ఆ చెంబును ఆమె మీదికి విసరాలనిపించింది నాకు.

పురుగులు పండి, గూళ్ళు కట్టుకునే వెదురు తడికల మీదికి, చంద్రికలంటారు వాటిని, ఎక్కాయి. గూళ్ళు బాగానే కట్టాయి. గూళ్ళు ఏరే రోజు చిన్నమ్మ చంద్రిక పక్కనే కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది, నడుములో పోటు, వణుకు. చిన్నాయన గూళ్ళన్నీ అట్లే వదిలేసి వ్యాను మాట్లాడి హోసూరు ఆస్పత్రికి తెచ్చాడు. దారంతా ఆమె ఆయనకు చిన్ని మందు ఎప్పుడు వెయ్యాలో చెబుతూనే ఉందట.

లేడీ డాక్టరు పరీక్ష చేసింది. రోగం మూత్రపిండం దాకా పోయిందనీ, కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉండాలనీ చెప్పింది. చిన్ని సంగతి నేను ముందే చెప్పి ఉన్నాను, సూది మందు ఎక్కిస్తూ అడిగింది.

“ఎన్నాళ్ళుగా ఉందమ్మా ఈ నొప్పి?”

“మూడేండ్లుంటాది.”

“మూడేళ్ళా! ఎవరికీ చెప్పలేదా? ఇంట్లో ఏదో జంతువుకు ఇదే జబ్బు వస్తే బెంగళూరు దాకా తీసుకుపోయారంట కదా.”

చిన్నమ్మకు కోపం లేదు, నిష్ఠూరం లేదు. బాగా అలిసిపోయి ఉంది, అంతే.

“దానికైతే నేనుంటిని కదమ్మా” అంది.

మంచం పక్కనే, ఆమె చెప్పుల సంచి పట్టుకుని, లక్ష్మణప్ప చిన్నాయన నిలబడి ఉన్నాడు.