సైదులుకు ఊదని ఊపిరి

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక మెచ్చుకోలును మోస్తున్నాను. నింద అయితే ఎప్పుడో దించుకునేవాణ్ణేమో. మెచ్చుకోలును ఎట్లా దించుకోవాలో నాకు తెలియలేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో అన్నేళ్లు పనిచేసి ఒక్క బస్తా భుజానికెత్తలేదు కానీ, ఈ బరువు మాత్రం ఎక్కడికి పోయినా నాతోనే వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివరి మాట. మిల్లులో బాయిలర్ నేను చూసుకునేవాణ్ణి. ఏదన్నా ప్రమాదం జరిగితే ఆదుకోవడానికి ఒక మనిషి ఉండాలని ఓనరు నన్ను వాడపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో శిక్షణకు పంపాడు. గుండె ఆగిన మనిషికి ఏం చేయాలో రబ్బరు బొమ్మ మీద నేర్పారు. ఛాతీ మధ్యన అరచేతులు పెట్టి నొక్కాలి. మధ్యమధ్య ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి. ఒకరు ఊదాక స్పిరిటు దూదితో బొమ్మ మూతి తుడిచి ఇంకొకరికి ఇచ్చేవారు. అందరికంటే నేనే బాగా చేశానని నేర్పినాయన భుజం తట్టాడు. తిరిగొచ్చి ఆ గొప్ప మిల్లంతా చెప్పుకున్నాను. హమాలీలు నన్ను డాక్టర్ సాబ్ అని ఆటపట్టించేవారు. నాకు బాగానే ఉండేది.

ఆ పేరు పెట్టింది సైదులు. పాలకీడు మనిషి, వేళాకోళం ఎక్కువ. దాహమై వస్తే నేను కుండలో చెంబు ముంచి పైనుంచి నీళ్లు పోసేవాణ్ణి. అతను వంగి దోసిలి పట్టేవాడు. చెంబు అతని చేతికి తగలకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, అతనికీ నేను చెప్పలేదు. మా అమ్మ అట్లాగే పోసేది, నేనూ అట్లాగే పోశాను. అందులో తప్పుందని ఒక్కసారైనా అనిపించిందా? లేదు.

ఒకనాడు పట్టపగలు, గోడౌన్‌లో బస్తా దించి నడుం నిటారు చేసుకుంటూ సైదులు వెనక్కి పడిపోయాడు. ఫిట్స్ అనుకుని ఎవరో అతని చేతిలో తాళాల గుత్తి పెట్టారు. నేను మెడ మీద వేళ్లు పెట్టి చూశాను. నాడి లేదు. ఊపిరి లేదు. "జర బయటికి పోండ్రి, గాలి ఆడనియ్యుండ్రి" అన్నాను. అందరూ గోడౌన్ గుమ్మం దాకా జరిగి నిలబడ్డారు. ఒకతను జీపు కోసం ఉరికాడు.

నొక్కాను. ఆ మాట నిజం. ఇక ఊదాలి. ముక్కు మూశాను. వంగాను. పెదవుల పక్కన నురగ, చుట్ట వాసన. ఆ వాసనే నన్ను ఆపిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మా నాన్నా చుట్ట తాగేవాడు. నన్ను ఆపింది ఎంగిలి. చెంబుకే తగలనివ్వనివాణ్ణి నోటికి ఎట్లా తగలనిస్తాను? అప్పుడు ఇంత వివరంగా ఆలోచించానని కాదు. మెడ వంగింది, నోరు ముందుకు పోలేదు. పోనీ లేచి, ఇది నావల్ల కాదు, మీలో ఒకరు రండి, ఎట్లా ఊదాలో చెప్తాను అంటే సరిపోయేది. అతని తోటివాళ్లు అక్కడే ఉన్నారు, పిలిస్తే పరుగున వచ్చేవారు. పిలవలేదు. డాక్టర్ సాబ్‌ని కదా. గుమ్మంలో నిలబడ్డవాళ్లకు నా వీపు మాత్రమే కనిపిస్తున్నది. తల దించాను, ఎత్తాను. మళ్లీ దించాను. జీపు వచ్చేదాకా ఉత్త గాలిలోకి ఊదుతూ కూర్చున్నాను.

దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదన్నారు.

దినాల నాడు పాలకీడు పోయాను. సైదులు భార్య లచ్చమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, మా ఆయన నోట్ల నోరు పెట్టి ఊపిరి ఊదినవంట గదా. కులం గిలం సూడలే నువ్వు. గట్ల ఎవరు చేస్తరు?"

"వాని ఆయుష్షు గంతే ఉండె, లచ్చమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. వాళ్లు తాగే గ్లాసు, నేరుగా నా చేతికి ఇచ్చింది. ఆమె లెక్కలో ఇక మా మధ్య ఎంగిలి లేదు. అందరూ చూస్తున్నారు. అంచు పెదవికి ఆనించి తాగాను. ప్రాణం కోసం ముందుకు పోని నోరు, అబద్ధం నిలబెట్టుకోవడానికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు సాగర్ కాలువ దగ్గర సైకిల్ ఆపి పుక్కిలించి ఉమ్మాను. అవును, అది కూడా చేశాను.

ఊదితే బతికేవాడా? తర్వాతెప్పుడో సూర్యాపేటలో ఒక డాక్టరును, వేరేవాళ్ల సంగతి అన్నట్టు అడిగాను. కష్టమే అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. కానీ ఊదగలిగేవాళ్లను పిలవకుండా అడ్డం కూర్చున్నది నేను. ఆ ముక్క డాక్టరును అడగలేదు.

లచ్చమ్మ ఇప్పటికీ మిర్యాలగూడ వస్తే మా ఇంటికి వస్తుంది. అన్నా అని పిలుస్తుంది. మనవళ్లకు నన్ను చూపించి, "మీ తాతకు ఊపిరి ఊదిన మనిషి" అని కాళ్లు మొక్కిస్తుంది. నేను వద్దు వద్దంటాను. అది అణకువ అనుకుంటారు. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుందని ఆగిపోతాను. ఇది ఆమె మీద జాలా, నా మీద నాకున్న భయమా? భయమే. సిగ్గు కూడా.

నేను ఊదలేదు లచ్చమ్మా. సైదులు నోటికి నా నోరు తగల్లేదు. ఈ మాట మొదటిసారి బయటికి అన్నాను, అదీ నీతో కాదు. అయినా ఛాతీ మీంచి కొంచెం బరువు జరిగింది. నాకు ఊపిరి ఆడుతున్నది.